సాగర్ గేట్లు, మా అక్క సూడిగేదె

నాకు కోపం ఎక్కువ. లెక్క తప్పితే ఇంకా ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. బ్యాంకు ఉద్యోగాలకీ కానిస్టేబుల్ పోస్టులకీ చదివే పిల్లలు రేకుల కప్పు కింద ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చునేవాళ్లు. కుళాయిలూ తొట్టెల లెక్కలు నేను బాగా చెబుతానని పేరు. ఒక తొట్టెకు ఇన్ని కుళాయిలు, ఒక్కోదాని వేగం ఇంత, తొట్టె ఎప్పటికి నిండుతుంది అని అడుగుతారు చూడండి, అవి. ఎవరైనా కుళాయిలు మాత్రం లెక్కపెట్టి, వేగం చూడకుండా జవాబు చెబితే సుద్దముక్క విసిరేదాన్ని. అలాంటి నేను ఒకసారి అచ్చం అదే తప్పు చేశాను. ఆ సంగతి హైవే మీద ఆగిపోయిన జనమంతా మైకులో విన్నారు.

అప్పట్లో మేం ఎల్బీనగర్ దగ్గర ఒక కాలనీలో మేడ మీది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయనది నెలలో ఇరవై రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం. కింది వాటాలో ఇంటావిడ ఉండేది. అద్దెకున్న వాళ్లందరిలాగే నేనూ ఆవిడను ఓనరాంటీ అనేదాన్ని. నల్గొండ జిల్లాలో సాగర్ పక్కనున్న పల్లె నుంచి వచ్చిన కుటుంబం. అంకుల్‌కి హయత్‌నగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డు. ఆంటీ మనిషి పొట్టి, గొంతు మాత్రం నాలుగు వీధుల అవతలికి వినబడేది. ఇంటి వెనక ఖాళీ జాగాలో చాలాకాలం రెండు బర్రెల్ని సాకింది. చుట్టూ అపార్టుమెంట్లు లేచాక వాసనని వాళ్లు గొడవ చేస్తే అమ్మేయాల్సి వచ్చింది. ఆ కోపం ఆవిడకు పోలేదు. ఆ అపార్టుమెంట్ల వాళ్లు ఎవరు ఎదురుపడినా "పాకిట్ పాలు మంచిగున్నయా?" అని అడిగి మరీ వెళ్లేది.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. ఒకరోజు బందు, ఒకరోజు సమ్మె, ఇంకోరోజు రాస్తారోకో. చౌరస్తాలో ఎప్పుడూ టెంటు ఉండేది. ఆంటీ పొద్దున్నే వంట ముగించి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, టెంటుకు వెళ్లిపోయేది. నేను సముద్రం అంచున లంకల్లో పుట్టినదాన్ని కాబట్టి, ఆవిడకు ఇంట్లోనే దొరికిన ఆంధ్రా మనిషిని. మెట్ల మీద కనబడితే చాలు మొదలుపెట్టేది.

"మా నీళ్లన్ని మీరే తీస్కపోయిన్రు టీచరమ్మా!"

"మేం తీసుకుపోవడమేంటి ఆంటీ, మీరే మా నెత్తిన పోస్తున్నారు. వరదొస్తే మా ఊరంతా గట్టెక్కి కూర్చుంటోంది."

"గట్లనా? అయితే మా రాష్ట్రం మాకియ్యిన్రి, నీళ్లు మేమే ఆపుకుంటం," అని చేతిలో గిన్నె పెట్టేది. గిన్నెలో చింతచిగురు పప్పు ఉండేది, లేకపోతే సర్వపిండి. మర్నాడు నేను ఆ గిన్నెను ఖాళీగా ఇవ్వలేక గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చేదాన్ని. మా ఇద్దరి మధ్య రాజకీయం అంతవరకే. నాకు భయం వేయలేదని చెప్పను. ఆటో ఎక్కితే నా యాస బయటపడుతుందని మాట్లాడకుండా చెయ్యి చూపించి దిగిపోయేదాన్ని. కూరగాయల దగ్గర బేరం మానేశాను, నా జీవితంలో అంతకంటే పెద్ద త్యాగం లేదు. ఆ ఇంటి గేటు లోపలికి వచ్చాక మాత్రం ఆ భయం ఉండేది కాదు.

ఆంటీ తమ్ముడు సాగర్ డ్యాం మీద పనిచేసేవాడు. గేట్ల గొలుసులకు గ్రీజు పెట్టడం, ఎత్తేటప్పుడు పక్కన నిలబడటం, అలాంటి కాంట్రాక్టు పని. ఆంటీ మాటల్లో మాత్రం డ్యాం మొత్తం తమ్ముడి చేతిలో ఉండేది. ఎగువ నుంచి వరదొచ్చి గేట్లు లేపితే వాళ్లింట్లో పండగే. "గేట్లు లేపిన్రట!" అని చంపాపేట్‌లో ఆడబిడ్డకీ, అబ్దుల్లాపూర్‌మెట్‌లో మరదలికీ ఫోన్లు వెళ్లేవి. జీపు మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని పోయేవాళ్లు. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. నీళ్లు తెల్లగా విరుచుకుపడుతుంటే జనం తుంపర్లలో తడుస్తూ ఫోటోలు దిగుతున్నారు. నేను పిట్టగోడ పట్టుకుని గేట్లు లెక్కపెడుతూ నిలబడ్డాను. కాసేపటికి ఆంటీ నా పక్కకు వచ్చింది. డ్యాం వెనక నిండిన నీళ్ల వైపు చూపించి, "గా నీళ్ల కిందనే మా అమ్మ పుట్టిన ఊరున్నది," అంది. "డ్యాం కట్టినప్పుడు అందర్ని లేపి పంపిన్రు. మా అమ్మ సచ్చేదాంక గా ఇంటి దర్వాజ గురించే చెప్పింది." ఆవిడే తేరుకుని వేయించిన చేపలు కొనిపెట్టింది.

మా లంకల్లో గేట్ల మాటంటే పండగ కాదు. కృష్ణ సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలి మధ్యలో లంకల్ని వదులుతుంది. సాగర్‌లో వదిలిన నీళ్లు బెజవాడ దాటి మా దగ్గరికి రావడానికి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. సముద్రం నెమ్మదిగా ఉంటే వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి. తుఫాను పట్టి సముద్రం పొంగి ఉంటే మాత్రం నదిని లోపలికి రానివ్వదు, నీళ్లు వెనక్కి తన్ని లంకల మీదికి ఎక్కుతాయి. అందుకే మా ఊళ్లో ప్రతివాళ్లకూ గేట్ల లెక్క నోటికి వచ్చు. అయిదు గేట్లంటే భోంచేసి పడుకోవచ్చు. పదంటే పశువుల పలుపులు విప్పి సిద్ధంగా ఉండాలి. పదిహేను దాటితే గొడ్డూ గోదా తోలుకుని, బియ్యం మూటా, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పట్టాదారు పుస్తకమూ పట్టుకుని కరకట్ట ఎక్కాలి. నా చిన్నప్పుడు ఈ అంకెను డప్పు వేసి చాటించేవారు. డప్పు ఆగగానే పెద్దవాళ్లు అడిగే మొదటి మాట "ఎన్ని?" అనే. గేటు ఎన్నడుగులు ఎత్తారని అడిగిన మనిషిని నేను మా ఊళ్లో చూడలేదు.

ఆ ఏడు భాద్రపదంలో రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఎగువన వానలు కురిసి సాగర్ నిండింది. బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారి తీరం వైపు వస్తోందని వార్తలు. మా అక్క అప్పుడు లంకలో ఒక్కతే ఉంది. బావ రొయ్యల చెరువుల పని మీద నెల్లూరు వైపు వెళ్లాడు, పిల్లవాడు హాస్టల్లో ఉన్నాడు. అక్క నాకంటే పదేళ్లు పెద్దది, అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. అక్క దగ్గర ఒక సూడిగేదె ఉంది, తొలిచూలు, ఇవాళో రేపో ఈనేట్టుంది. అంతకు ముందొక వరదలో దీని తల్లి కొట్టుకుపోతే, అప్పుడు దూడగా ఉన్న దీన్ని అక్క సీసాతో పాలు పట్టి పెంచింది. ఈసారి ఎలాగైనా దీన్నీ, దీని కడుపులో దాన్నీ దక్కించుకోవాలని పట్టుదల.

గేట్లు లేపిన రోజే అక్క గేదెను తోలుకుని కరకట్ట ఎక్కింది. అక్కడి నుంచి మా ఫోన్ల సందడి మొదలైంది. డ్యాం మీద తమ్ముడు ఆంటీకి చేసేవాడు. ఆంటీ మెట్ల కింద నిలబడి "టీచరమ్మా! పన్నెండు!" అని కాలనీ మొత్తం ఉలిక్కిపడేలా అరిచేది. నేను అక్కకు చేసేదాన్ని. అక్క గట్టు మీద టార్పాలిన్ల కింద కూర్చున్న జనానికి చెప్పేది. టీవీలో రాకముందే అంకె మా అక్క నోట వచ్చేది. రెండు రోజుల్లో అక్క గట్టు మీద పెద్దమనిషైపోయింది.

"పంచాయతీవాళ్లు మైకులో చెప్పేలోపే జనం నా దగ్గరికొచ్చేస్తన్నారే," అంది మురిసిపోతూ. "మా చెల్లి గేట్ల పక్కనే ఉంటదని చెప్పా."

"గేట్ల పక్కన కాదక్కా. గేట్ల పక్కనున్నాయన అక్క ఇంట్లో."

"ఏదోలే, అంతే దూరం."

గేదె సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆంటీకి నిద్ర లేదు. టెంటులో కూర్చుని కూడా నాకు ఫోన్ చేసి "ఈనిందా?" అని అడిగేది. మూడో రోజు ఆవిడ తమ్ముడితో మాట్లాడటం మెట్ల మీద నిలబడి విన్నాను.

"తమ్మీ, టీచరమ్మ వాళ్ల అక్క బర్రె ఈనేటట్టున్నదిరా. జర రెండు దినాలు గేట్లు దించరాదు?"

ఫోన్ స్పీకర్లో నీళ్ల హోరు వినబడుతోంది. దాని మీదుగా తమ్ముడు, "అక్కా, నేను గ్రీజు పెట్టెటోణ్ణి. లేపుమంటే లేపుడు, దించుమంటే దించుడు. అంత సార్ల చేతుల ఉంటది," అన్నాడు.

"అయితే సార్లకు చెప్పు, బర్రె ఈనుతున్నదని."

"నన్ను తీసేస్తరక్కా!"

"పిరికోడు," అని ఫోన్ పెట్టేసి, నన్ను చూసి, "నువ్వేం పరేషాన్ కాకు, మల్ల అడుగుత," అంది. నేను నవ్వు ఆపుకోలేక పైకి పరిగెత్తాను.

నాలుగో రోజు రాస్తారోకో. హయత్‌నగర్ దగ్గర విజయవాడ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అంటే రోడ్డుకు అడ్డంగా కూర్చుని, అక్కడే పొయ్యిలు వెలిగించి వండుకోవడం, తాము తిని ఆగిపోయినవాళ్లకూ పెట్టడం. ఆంటీ పెళ్లివంటల ఇనపగరిటె భుజాన వేసుకుని గడప దాటుతుంటే ఫోన్ వచ్చింది. ఒక్క నిమిషం విని, ఫోన్ అరుగు మీద పెట్టి, "టీచరమ్మా! ఇరవై ఉంటుండె, ఎనిమిదికి తెచ్చిన్రు!" అని అరిచి, సంతోషంలో ఆ ఫోన్ అక్కడే మరిచి వెళ్లిపోయింది.

నేను వెంటనే అక్కకు చేశాను. గట్టు మీద బురదలో గేదె కాళ్లు జారుతున్నాయనీ, పడుకోవడానికి పొడిచోటు లేదనీ అక్క రెండు రోజులుగా బాధపడుతోంది. లంకలో అక్క పశువుల పాక ఎత్తు అరుగు మీద ఉంది, అప్పటికి అక్కడికి నీళ్లు రాలేదు.

"ఎనిమిదేనా? అయితే దీన్ని పాకకి తోలుకుపోతానే. పొడిగా ఈనుద్ది."

"తోలుకుపో. నీళ్లు తీస్తున్నట్టే లెక్క," అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. ఛార్జింగ్ అయిపోతోందని అక్క పెట్టేసింది. కోచింగ్ కూడా ఆ రోజు బందు. నేను తీరిగ్గా అల్లం కోరుకుని పెసరట్లు వేసుకుని తిన్నాను. ఆ పెసరట్లు ఎంత బాగా కుదిరాయో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదకొండు గంటలప్పుడు అరుగు మీద ఆంటీ ఫోన్ ఆగకుండా మోగుతుంటే కిందికి దిగి ఎత్తాను. తమ్ముడు.

"అక్కా?"

"నేనండీ, పై వాటా టీచర్ని."

"మేడం, మంచిగైంది మీరే ఎత్తిన్రు. మీ దిక్కోళ్లకు జర పైలంగ ఉండుమని చెప్పున్రి."

"అదేంటి, గేట్లు తగ్గించారు కదా?"

"గేట్లు తక్కువనే మేడం, గని ఎత్తు పెంచిన్రు. నిన్న ఇరవై గేట్లు అయిదేసి అడుగులు. ఇయ్యాల ఎనిమిది గేట్లు ఇరవయ్యేసి అడుగులు. నిన్నటికంటే మస్తు పోతున్నయ్ నీళ్లు."

ఇరవై అయిదులు వంద. ఎనిమిది ఇరవైలు నూట అరవై. అయిదో క్లాసు పిల్లవాడు చేసే లెక్క. వెంటనే అక్కకు చేశాను.

అక్క ఫోన్ స్విచాఫ్. బావకు చేస్తే ఆయనా అక్కను అందుకోలేకపోతున్నానన్నాడు. కొత్త నీళ్లు మా దగ్గరికి మర్నాటి తెల్లవారుజాముకి వస్తాయి. కానీ సముద్రం పొంగి ఉంది, లంకకూ గట్టుకూ మధ్యనున్న పాయ సాయంత్రానికే దాటలేనంత లోతవుతుంది. చీకటి పడేలోపు అక్క గట్టెక్కాలి. ఊళ్లో పంచాయతీ మైకు అరుస్తూనే ఉంటుంది, నాకు తెలుసు. ఆ మైకు మాట అక్క వినదనీ తెలుసు. ఎందుకంటే నేను వేరేగా చెప్పాను.

చేతికందిన సంచీ పట్టుకుని, ఆంటీ ఫోన్ అందులో వేసుకుని పరిగెత్తాను. బస్సుల్లేవు. ఆటోల్లేవు. దారిలో ఒక స్కూటరాయన నా ముఖం చూసి కొంతదూరం ఎక్కించుకున్నాడు. హైవే మీద లారీలు, కార్లు, ట్రావెల్స్ బస్సులు బారులు తీరి ఉన్నాయి. ఆ వరుస అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఉందన్నారు. రోడ్డు మధ్యలో ఇటుకల పొయ్యిలు, అన్నం గుండిగలు, పాటలు, డప్పులు. ఆంటీ చెమటలు కక్కుతూ పప్పుచారు కలుపుతోంది. నేను ఏడుస్తూ జరిగింది చెప్పాను.

"మరి గీ సంచేంది? యాడికి పోతవ్?" అంది.

"మా ఊరికి."

"ఎట్ల పోతవ్? రోడ్డు మేమే బంద్ పెట్టినం గదా!" అనేసి, తను అన్న మాట తనకే వినబడి గరిటె ఆపేసింది. కొంగుతో నా ముఖం తుడిచింది. "రోడ్డు ఇడిసినా నువ్వు పోయేసరికి రాత్రయితది. నువ్వు పోయి ఏం జేస్తవ్? మాట పోవాలె." ఆగిన వాహనాల వైపు తిరిగి చూసింది. "గిన్ని బండ్లు ఆపినం. ఇండ్ల మీ దిక్కోడు ఒక్కడన్న ఉండడా?"

ఒక కాలేజీ కుర్రాడు మైకు పట్టుకుని ఆవేశంగా మాట్లాడుతున్నాడు. "జర ఆగు బిడ్డా," అని ఆంటీ మైకు లాక్కుంది. "గీ లైన్ల ఆంధ్రోళ్లు, సముద్రం పక్కన లంకలోళ్లు ఎవరన్న ఉన్నరా? ఉంటే ముందలికి రాండ్రి!"

ఒక్కరూ కదల్లేదు. రెండు కార్ల అద్దాలు పైకెళ్లాయి. ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో ఇనపగరిటె పట్టుకుని రమ్మంటే ఎవరొస్తారు? ఆంటీకి అది తట్టలేదు. "ఒక్కడు లేడేంది?" అని నన్నే అడిగింది.

నేను మైకు అందుకున్నాను. నెలల తరబడి ఆటోల్లోనూ కూరల బండ్ల దగ్గరా దాచుకున్న నా యాస అంతా ఆ మైకులో బయటపడిపోయింది. "అయ్యా, మాది లంకండీ. మా అక్క అక్కడ ఒక్కతే ఉంది. నీళ్లు తగ్గుతాయని నేనే తప్పు చెప్పి గట్టు దింపేశాను. ఫోను కలవటం లేదు. మా వైపు వాళ్లెవరన్నా ఉంటే మీకు దండం పెడతానండీ." ఎవరైనా అల్లరి చేస్తారేమోనని చూశాను. ఎవరూ చేయలేదు. డప్పులు కూడా ఆగాయి.

పొయ్యిల అవతల విస్తరి ముందు కూర్చున్న మనిషి ఒకడు నోటినిండా అన్నంతో చెయ్యెత్తాడు. చేపల వ్యాను డ్రైవరు. సరుకు దించి ఖాళీ ఐసు పెట్టెలతో తిరిగి వెళుతూ చిక్కుకుపోయాడు. "మాది మీ అవతలి ఒడ్డేనమ్మా," అన్నాడు మింగుతూ. "అక్కా, మీరట్టా పిలిస్తే కొడతారేమో అనుకున్నా."

"కొట్టెటోళ్లమైతే అన్నమెందుకు పెడ్తం?" అని ఆంటీ అతనికి ఇంకో గరిటె పప్పుచారు పోసింది.

రేవులో పడవ నడిపే సరంగు అతనికి బాగా తెలుసు, చేపల బుట్టలు ఆ పడవలోనే వస్తాయి. ఊళ్లో కరెంటు పోయినా సరంగు తన ఫోనుకు ఇంజను బ్యాటరీ మీద ఛార్జింగ్ పెట్టుకుంటాడట. డ్రైవరు తన ఫోన్ నుంచి చేస్తే మొదటిసారికే కలిసింది. "గేదె అక్కేగా? పొద్దున్నే దిగిపోయింది. మేమందరం వద్దన్నా వినలా," అన్నాడు సరంగు. ఇప్పుడే పడవ తీసుకుని పాక దగ్గరికి వెళ్లి చేస్తానన్నాడు.

ముప్పావు గంట ఎదురుచూశాం. ఇందాక ప్రసంగం చేసిన కుర్రాడు నాకు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చున్నాడు. డ్రైవరు ఫోన్ మోగింది. ఆ గోలలో ఏమీ వినబడటం లేదని ఆంటీ స్పీకరు నొక్కి, ఫోన్‌ను మైకు దగ్గర పెట్టింది. మా అక్క గొంతు విజయవాడ హైవే మీద మోగింది.

"ఏంటే ఈ గోల? ఈయన్నెందుకు తోలావ్?"

"అక్కా, నేను తప్పు చెప్పాను. గేట్లు తగ్గించారు కానీ ఎత్తు పెంచారు. నిన్నటి కన్నా ఎక్కువొస్తున్నాయి. వెంటనే గట్టెక్కు."

"ఇప్పుడెట్టా ఎక్కేది? దీనికి నొప్పులొచ్చేసినయ్."

"దాన్ని వదిలేసి పడవెక్కక్కా!"

"వదల్ను. నువ్వు పెట్టెయ్."

ఆంటీ నన్ను పక్కకు నెట్టింది. "ఓ అక్కా! ఫోన్ పెట్టకు. నేను మీ చెల్లె ఓనర్ను. కాళ్లు కనవడ్డయా?"

"ఒక కాలే కనపడతందమ్మా. గంట నుంచి అట్టాగే ఉంది."

ఆంటీ ముఖం మారింది. గరిటె కింద పెట్టి మైకు ముందు గొంతుక్కూర్చుంది. "ఇంకో కాలు లోపల ముడుసుకున్నది. పరేషాన్ కాకు, నా చేతుల మీద గట్ల శానా ఈనినయ్. చేతికి నూనె రాసుకో. నొప్పి ఆగినప్పుడు దుడ్డెను జర లోపలికి నూకు. గిట్టను గుప్పిట్ల మూసి పట్టుకో, లోపల గీసుకపోవద్దు. నిమ్మలంగ ముందలికి తియ్యి."

వెనక ఎక్కడో హారన్ కొట్టిన లారీని నలుగురు పరిగెత్తుకెళ్లి ఆపించారు. మైకులో గేదె ఆయాసం, వాన చప్పుడు, అక్క మూలుగు. "దొరికింది," అంది అక్క. "వస్తంది... వచ్చింది, రెండో కాలొచ్చింది!"

"ఇగ నొప్పొచ్చినప్పుడు బర్రెతోని పాటు గుంజు. గుంజు తల్లీ, గుంజు!" ఆంటీ రెండు చేతులూ బిగించి గాలిలోనే గుంజుతోంది. పక్కనున్న ఆడవాళ్లూ పళ్లు బిగించారు. చేపల డ్రైవరు విస్తరి వదిలేసి లేచి నిలబడ్డాడు.

ఒక పెద్ద చప్పుడు, తర్వాత ఏమీ లేదు. తర్వాత సన్నటి అరుపు.

"పెయ్యదూడే!" అని అక్క కేక పెట్టింది.

హైవే మొత్తం ఈలలేసింది. డప్పులు మోగాయి. ఎవరో "జై తెలంగాణ" అన్నారు, అందరూ అందుకున్నారు, చేపల డ్రైవరు కూడా ఆ ఊపులో అనేసి నాలుక్కరుచుకున్నాడు. ఆంటీ ఏడుస్తూ నవ్వుతోంది. నేను రోడ్డు మీద కూలబడ్డాను. నా ఒంట్లో అంత సంతోషం పట్టడం అంతకు ముందూ తర్వాతా నాకు తెలియదు. కుర్రాడు ఒకడు "బర్రె ఆంధ్రదా, తెలంగాణదా?" అని అడిగితే, ఆంటీ ముక్కు చీదుకుని "జున్ను తిని చెప్త," అంది.

కాసేపు ఆగి, సరంగు దూడను పడవలో వేసుకుంటే గేదె దాన్ని చూసుకుంటూ తనే పాయలో నడిచి వచ్చిందట, పొట్టలోతు నీళ్లలో. ఇంకా వెలుతురుండగానే అందరూ గట్టెక్కారు. తెల్లారి చూస్తే పాక కప్పు మాత్రమే నీళ్లపైన కనబడిందని అక్క చెప్పింది. ఇక్కడ హైవే మీద మాత్రం ఆంటీ ఆ మధ్యాహ్నమే కుర్రాళ్లను పిలిచి "ముందుగాల గీ చేపల బండిని ఇడువున్రి," అని హుకుం జారీ చేసింది. సాయంత్రం దాకా ఆగాల్సిన బండి దర్జాగా కదిలింది.

రోడ్డు తెరుచుకున్నాక మళ్లీ సరుకుతో వచ్చిన ఆ డ్రైవరే, అక్క పంపిన రెండు సీసాల జున్నుపాలు ఐసు పెట్టెలో తెచ్చాడు. సీసాలు నాకు కాదు, ఆంటీకి. ఆవిడ బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద వండి, టెంటుకు ఒక పెద్ద పళ్లెం తీసుకుపోయింది. నాకు కింది వాటా నుంచి చిన్న గిన్నెలో వచ్చింది. అప్పటి నుంచి అక్క రోజూ ఆంటీకే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. దూడకు ఎన్ని పాలు వదలాలి, గేదెకు తవుడు ఎంత పెట్టాలి, వీటి మీద గంటల తరబడి మాట్లాడుకునేవాళ్లు. మధ్యలో నా గురించి కూడా మాట్లాడుకుని నవ్వుకునేవాళ్లని నాకు గట్టి అనుమానం. కొన్నాళ్లకు సాగర్ గేట్లు మళ్లీ లేపారు. ఆంటీ మెట్ల కింద నిలబడి అరవలేదు. నేనే దిగి వెళితే, "మీ అక్కకు పొద్దుగాలనే చెప్పిన, నువ్వేం ఫికర్ చెయ్యకు," అంది.

నాకు కోపమొచ్చింది. తప్పు చెప్పినదాన్ని, నన్నింకెందుకు అడుగుతారు? అయినా ఉండబట్టలేక అక్కకు చేశాను.

"అక్కా, ఆ రోజు పంచాయతీ మైకులో వద్దని అరుస్తున్నారు. గట్టు మీద అందరూ వద్దన్నారట. అయినా ఎందుకు దిగావు?"

"నువ్వు చెప్పావుగా."

"నేను చెప్పింది తప్పు కదా."

"అది నాకేం తెలుసు? మైకులో అరిచేవాడు నా చెల్లెలా ఏంటే?"

అవతల దూడ అరుస్తోంది, అక్క దాన్ని అదిలించింది. తర్వాత నన్ను, "ఇంతకీ గేట్లెన్ని ఎత్తారు?" అని అడిగింది.

"ఆంటీ పొద్దున్నే చెప్పిందటగా నీకు."

"ఆవిడ చెప్పిందిలే. నువ్వు చెప్పు."

ఉండమని చెప్పి, పరుగున కిందికి దిగి, ఎన్ని గేట్లో, ఒక్కొక్కటి ఎన్నడుగులో ఆంటీని అడిగి, రెండుసార్లు హెచ్చించి చూసుకుని వచ్చి అక్కకు చెప్పాను.